డబ్బా మీద లేని మాట

మా కార్ఖానా జంపఖానా ఏ ఇంటి పెళ్లికి వెళ్లినా, ఇచ్చింది మేమేనని మేము చెప్పుకునేవాళ్లం కాదు. చెప్పడం పుచ్చుకున్నవాళ్ల పని. చదివింపుల వేళ పందిట్లో ఒకాయన మైకు పట్టుకుని ఎవరేం తెచ్చారో పైకి చదివేవాడు. మా వంతు దగ్గరపడినప్పుడు మా తాత కండువా సర్దుకుని, తనకేమీ పట్టనట్టు ఎటో చూస్తూ కూర్చునేవాడు. "మట్టెవాడ సావుకారిగారి కార్ఖానా జంపఖానా" అని మైకులో వినబడేదాకా భోజనానికి లేచేవాడు కాదు. ఒకసారి ఎవరో చదవడం మరిచిపోయారు. తాత ఎంగిలి పడకుండా ఇంటికి వచ్చేశాడు. మర్నాడు పెళ్లివాళ్లే వచ్చి, మా వాకిట్లో నిలబడి, వీధి వినేట్టు చదివి వెళ్లారు.

ఇదంతా గొప్ప కోసమేనని మా ఆవిడ అంటుంది. కాదు. జంపఖానా ఎక్కడిదో తెలిస్తేనే రేపు దాని అంచు ఊడినప్పుడు ఎక్కడికి తీసుకురావాలో తెలుస్తుంది. మా దగ్గర నేసినది ఎన్నేళ్ల తరువాత తెచ్చినా అంచు కట్టి ఇచ్చేవాళ్లం. ఆ హక్కు జంపఖానా ఎవరింట్లో ఉంటే వాళ్లది. మైకులో చదివేది ఇచ్చినవాడి పేరే అయినా, చదివేది పుచ్చుకున్నవాళ్ల ఇంటి కోసం.

కార్ఖానా నా చిన్నతనంలోనే పోయింది. ఎట్లా పోయిందో చెప్పను. అందరి కార్ఖానాలూ పోయినట్టే పోయింది. షెడ్డులో ఇప్పుడు మంచినీళ్ల క్యాన్లు నింపుతారు. మాకు ముందు గది, ఒక టేకు బల్ల, తాత గీసిన గళ్ల కాయితాల కట్టలు మిగిలాయి. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. బస్సులోనే వెళ్తాను, కానీ ఇస్త్రీ లేని చొక్కాతో ఏనాడూ వెళ్లలేదు.

నా ప్రోగ్రాం ఆ కాయితాల నుంచే పుట్టింది. జంపఖానా మీద ఒక పువ్వు రావాలంటే ముందు దాన్ని గళ్ల కాయితం మీద గీయాలి. నేసేవాడు ఆ కాయితాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో వరుస చూసుకుంటూ, ఏ రంగు పోగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో పట్టుకుంటాడు. ఒక వరుస తప్పితే పువ్వు కుంటిదవుతుంది. బొమ్మ ఇస్తే దాన్ని గళ్లుగా విడగొట్టి, వరుస తరువాత వరుస తెర మీద చూపించేట్టు నేను ప్రోగ్రాం రాశాను. నా వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. బొమ్మ పూర్తయ్యేచోట తెర మీద తెలుగులో ఒక మాట వచ్చేట్టు పెట్టాను. "అంచు చూసుకో." మగ్గాల మధ్య తిరుగుతూ మా తాత రోజంతా అనే మాట అది.

రాసినదాన్ని అమ్మలేదు. నెట్‌లో పెట్టాను. పనికొచ్చే వస్తువును ఊరికే ఇవ్వడం మా ఇంటికి కొత్త కాదు. అయితే ఊరికే ఇవ్వడం అంటే వీధిలో పారేయడం కాదు. దానితోపాటు ఒక లైసెన్సు పెట్టాను. నా సొంత తెలివి కాదు, ప్రపంచమంతా వాడే లైసెన్సే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక బాధ్యత మాత్రం ఉంది. దాన్ని ఎవరి చేతిలో పెడితే వాళ్లకు చెప్పాలి: ఇందులో ఫలానావారి ప్రోగ్రాం ఉంది, దాన్ని విప్పి చూసుకునే హక్కు, మార్చుకునే హక్కు మీకూ ఉన్నాయి, మేము చేసిన మార్పులతో సహా దాని మూలం కావాలంటే ఇక్కడ అడగండి, ఇస్తాం. మూలం అంటే మనిషి చదవగలిగే రూపంలో ఉన్న ప్రోగ్రాం. నేతలో గళ్ల కాయితం ఎట్లాగో ఇది అట్లా. బట్ట చేతిలో ఉన్నా కాయితం లేకపోతే మళ్లీ నేయలేం. ఆ లైసెన్సు మొదటిసారి చదివినప్పుడు చట్టం చదువుతున్నట్టు అనిపించలేదు. చదివింపులు గుర్తొచ్చాయి.

మా కార్ఖానాలో చివరిదాకా పనిచేసిన నేతగాడి కొడుకు మా వెనక గల్లీలో ఉంటాడు. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ఆయన నన్ను చిన్న సావుకారీ అంటాడు. నాకు జుట్టు నెరిసినా ఆ పిలుపు మారలేదు. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకదాని మీద ఆయన, ఒకదాని మీద వదిన. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే గడపలో నిలబడి పిలిచాడు.

"చిన్న సావుకారీ, జర లోపలికి రాండ్రి. కొత్త పెండ్లిపిల్లొచ్చింది, సూద్దురు."

"అవ్, నన్ను తెచ్చిన దినం గూడ గింత మురువలే" అంది వదిన, మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా.

మగ్గానికి ఎదురుగా, గళ్ల కాయితం వేలాడవలసినచోట, ఒక నల్ల డబ్బా బిగించి ఉంది. దానికో తెర. కాలితో ఒక మీట తొక్కితే వరుస మారుతోంది. హైదరాబాదు కంపెనీవాళ్లు మా వైపు నేతగాళ్లకు ఈ డబ్బాలు అమ్ముతున్నారట. అన్న కూర్చుని చూపించాడు. చిన్న పిల్లవాడిలా ఉన్నాడు. పోగు తిప్పడం, ఇనప దువ్వెనలాంటి పంజాతో దాన్ని దిగ్గొట్టడం, మీట తొక్కడం. బొమ్మ అయిపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

అంచు చూసుకో.

"ఇగో సూడుండ్రి" అని అన్న నవ్వాడు. "గీ డబ్బ గూడ మీ తాత లెక్కనే సతాయిస్తది. మీ తాత దినమంత గిదే మాటనట, మా నాయిన చెప్పెటోడు."

డబ్బా లోపల ఉన్నది నా ప్రోగ్రామే. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాను. అది వచ్చిన అట్టపెట్టె చూశాను, లోపలి కాయితం చూశాను, తెర మీద ఉన్న ప్రతి మెనూలోకీ వెళ్లి వచ్చాను. కంపెనీ పేరుంది, ఫోన్ నంబరుంది, నవ్వుతున్న ఒక ఆడమనిషి ఫొటో ఉంది. లోపల ఏముందో, దాని మీద కొన్నవాడికి ఏం హక్కుందో ఒక్క ముక్క లేదు. చదవవలసినవాళ్లు చదవలేదు. ఇచ్చినవాడే మైకు లాక్కోవడం మా ఇంట్లో లేదు.

"మా నాయిన గీసిన కాయితాలన్ని ఇందులకు ఎక్కించిన" అన్నాడు అన్న.

"కాయితాలు జాగ్రత్తగా ఉన్నాయా?"

"మీ వదిన నీళ్ల పొయ్యిల వెట్టింది."

"మరి యాడ వెట్టాలె, నెత్తి మీదనా?" అంది వదిన. "బొద్దింకలు తిన్నయి తిన్నంత. డబ్బలకు ఎక్కినంక వాటితోటి పనేముంది?"

ఇంకెక్కడైనా ఒక కాపీ ఉంచుకోమన్నాను. అన్న చెయ్యి ఊపాడు. "ఫికర్ జెయ్యకుండ్రి. హైదరాబాద్ల భద్రంగ ఉంటయన్నరు."

ఆ రాత్రి కాదు, మర్నాడు తీరికగా కూర్చుని కంపెనీకి మెయిల్ రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. చాలా మెయిళ్ల తరువాత ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, అది ఓపెన్ సోర్సే కదా సార్?"

"అవును."

"అంటే ఫ్రీయే కదా సార్?"

"తీసుకోవద్దని నేననలేదు బాబూ. తీసుకోండి, అమ్ముకోండి. కొన్నవాళ్లకు చెప్పమంటున్నాను."

"మీకు క్రెడిట్ కావాలి, అంతే కదా సార్. వెబ్‌సైట్లో స్పెషల్ థాంక్స్ పెట్టిస్తా. ఒక మంచి ఫొటో పంపండి."

"నా ఫొటో ఎవరికి కావాలి? డబ్బాలో ఏముందో, వాళ్లు ఏం అడగవచ్చో వాడేవాళ్లకు చెప్పాలి. తెలుగులో చెప్పాలి. ఒక పేజీ చాలు."

"వాళ్లకేం అర్థమవుతుంది సార్, వీవర్స్ కదా."

మేమూ నేతవాళ్లమేనని అతనికి తెలియదు. "ఈ మాట మీరు అనలేదనుకుంటాను. లైసెన్సు చదవండి" అని ఫోన్ పెట్టేశాను.

తరువాత వాళ్ల దగ్గర నుంచి వచ్చింది ఒక ఆహ్వానం. ఏదో సభలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. రానని రాశాను. మా ఇంట్లో శాలువాలు కప్పినవాళ్లున్నారు, కప్పించుకోవడానికి బస్సెక్కి వెళ్లినవాళ్లు లేరు. హన్మకొండలో ఒక వకీలును అడిగాను. ఆయన కాయితాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సార్, మీరు పైసలడుగుతలేరు. పేరొద్దంటున్నరు. మరి మీకేం నష్టమైందని రాయాలె నేను?" అన్నాడు. నష్టం నాది కాదన్నాను. "నష్టమైనోళ్లను తీస్కరాండ్రి మరి" అన్నాడు. నష్టం ఇంకా ఎవరికీ కాలేదు. అయ్యాక తీసుకొచ్చి లాభం లేదు.

మా ఆవిడది ఒకటే మాట. "మీరే పోయి చెప్పుండ్రి. గల్లీ వెనక గల్లీ."

"నేను చెప్తే అది గొప్ప చెప్పుకోవడం అవుతుంది. అమ్మినవాళ్లు చెప్తే అది హక్కు అవుతుంది."

"ఏదైతే ఏంది, ఆయనకు తెల్వాలె గద?"

"తెలిసి ఏం చేస్తాడు? వాళ్లు మార్చిన మూలం నా దగ్గర లేదు. వాళ్లే ఇవ్వాలి. కొన్నవాడు అడగాలి."

"అడుగుమని ఎవలు చెప్పాలె?"

"అమ్మినవాళ్లు."

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఇదే సంభాషణ. కూరలో ఉప్పు తగ్గినా చివరికి ఇక్కడికే వచ్చేది.

వానలు తగ్గాక అన్నకు మంచి పని వచ్చింది. నెక్కొండ దగ్గర ఒక చర్చివాళ్లు, క్రిస్మస్ నాటికి గుమ్మం నుంచి బలిపీఠం దాకా పరిచే పొడుగాటి జంపఖానా కావాలన్నారు. రెండు పక్కలా ద్రాక్షతీగ, బలిపీఠం దగ్గరికి వచ్చేసరికి గోధుమ వెన్నుల మధ్య ఒక గొర్రెపిల్ల. పాస్టరుగారి భార్య స్వయంగా వచ్చి, అన్న పక్కన స్టూలు వేసుకుని, డబ్బా తెర మీదే వేలితో గొర్రెపిల్లను గీసింది. చాలా బాగా వచ్చిందని గల్లీ అంతా వెళ్లి చూసింది. నేనూ చూశాను. ఆ గొర్రెపిల్ల కళ్లు నిజంగా మన వైపే చూస్తున్నట్టుండేవి. అన్న గుమ్మం వైపు నుంచి నేయడం మొదలుపెట్టాడు. తీగ మగ్గం మీద రోజురోజుకూ పాకుతూ వచ్చింది.

ఒకనాడు పొద్దున అన్న మా వాకిట్లోకి వచ్చాడు, చంకలో డబ్బా పెట్టుకుని.

"మీరు కంప్యూటర్ల సారు గద, జర దీన్ని సూడుండ్రి. నిన్నటిసంది గిదే ఇంగ్లీషు."

కంపెనీ సర్వర్‌తో మాట్లాడలేకపోతున్నానని, లాగిన్ కావాలని డబ్బా అంటోంది. అన్న దగ్గర ఉన్న ఫోన్ నంబరు మోగడం లేదు. డబ్బాలు కొన్న మిగతావాళ్లవీ అట్లాగే ఆగిపోయాయి. కంపెనీ మూతపడిందని మధ్యాహ్నానికి తెలిసింది.

డబ్బాను టేకు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మల కాపీలు డబ్బాలోనూ ఉన్నాయి, ఆ ఫైళ్లు బయటికి తీయగలిగాను. అన్న పెట్టిన పేర్లన్నీ కనిపించాయి. తీగ, గొర్రెపిల్ల, నాయిన పువ్వు, నాయిన నెమలి. పేర్లే కనిపించాయి. బొమ్మలను దాచిపెట్టే పద్ధతిని నా ప్రోగ్రాంలో వాళ్లు మార్చేశారు. ఎట్లా మార్చారో తెలిస్తే ఒక పూటలో విప్పేవాణ్ణి. అది వాళ్ల మూలంలో ఉంది. సెలవు పెట్టి మరీ ప్రయత్నించాను. నా ప్రోగ్రామే, నేను రాసిన వాక్యాలే, నన్ను గడప బయట నిలబెట్టాయి.

కుర్రవాడి నంబరు నా ఫోన్‌లో ఉంది. చేశాను. ఎత్తాడు.

"సార్, నేనిప్పుడు అక్కడ లేను సార్. ఎవరూ లేరు."

"మూలం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరైతే లేదు సార్. మెషీన్లన్నీ ఎవరో పట్టుకుపోయారు. ఏమైందో నిజంగా తెలియదు." మళ్లీ తనే అన్నాడు. "కంపెనీ నడిచినప్పుడు ఒక్క కస్టమర్ అడిగినా ఇచ్చేసేవాళ్లం సార్. దాచుకోవడానికి అందులో ఏముంది? ఎవరూ అడగలేదు."

అడగవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కదా అన్నాను. అవును సార్ అన్నాడు.

అప్పుడు వెళ్లి అన్నకు చెప్పాను. అన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఊరికే కూర్చుని ఉన్నాడు. వదిన పక్కన కండెలు చుడుతోంది. డబ్బా లోపలి ప్రోగ్రాం నేను రాసిందని, మూలం అడిగే హక్కు ఆయనకు మొదటినుంచీ ఉందని, ఆ మాట కంపెనీవాళ్లు చెప్పవలసి ఉండి చెప్పలేదని వరుసగా చెప్పాను. అన్న నన్ను చూశాడు, వదినను చూశాడు.

"డబ్బ గూడ మీదేనా?"

"డబ్బా కాదు. లోపలిది."

"డబ్బ మీద యాడున్నది గా మాట?"

"లేదన్నా. అదే వాళ్లు రాయాలి."

ఆయన నెత్తి గోక్కున్నాడు. "చిన్న సావుకారీ, మీరు పెద్దింటోళ్లు, నేను కాదంటలేను. స్టేషన్ కాడి జాగ ఒకప్పుడు మాదే ఉండె అని మీరే అంటరు. గా మిల్లు మాదే ఉండె అంటరు. గిప్పుడు డబ్బ గూడ మీదే అంటె నేనేం జెయ్యాలె?"

"ఊకో" అంది వదిన.

"ఊకోక ఏం జేస్తున్న? మీదే అయితె తెరువుండ్రి మరి. దండం వెడత."

నా వీపు నిటారుగానే ఉంది. "మరి అంచు చూసుకో అన్న మాట ఎవరిది?" అన్నాను.

"అది అందరనే మాటనే గద" అన్నాడు అన్న.

ఆయన అబద్ధమాడలేదు. మా తాత అన్నాడు, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు అన్నారు, వాళ్ల పిల్లలు అన్నారు. మాట వీధిది అయిపోయింది. డబ్బా అమ్మినవాడు రాసి ఉంటే అది సాక్ష్యం. నేను చెబితే పడిపోయిన ఇంటివాడి ఇంకో మాట.

పోయినవాటిని వదిలేసి గొర్రెపిల్లనైనా మళ్లీ గీద్దామన్నాను. నా లాప్‌టాప్‌లో నా ప్రోగ్రాం ఉంది, అది ఎవరినీ అడగనక్కర్లేకుండా నడుస్తుంది. అన్న వినలేదు. తెర మీద ఇంకేదీ నమ్మనన్నాడు. గళ్ల కాయితం కొనుక్కొచ్చి తనే కూర్చున్నాడు. చాలా ఏళ్లయింది కాయితం మీద గీసి, చెయ్యి తిరగలేదు. గీసినదాన్ని వదిన ఎత్తి పట్టుకుని చూసింది.

"గొర్రెపిల్లనా ఇది? గడ్డమున్న కుక్క."

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో ఆ నెలలో విన్న నవ్వు అదొక్కటే. అప్పుడు మెత్తబడి సరే, మీ లాప్‌టాప్ తెండ్రి అన్నాడు. తెచ్చి మగ్గం పక్కన పెట్టాను, తీగను కూడా నేసినంతలో చూసి ఎక్కించాను. పాస్టరుగారి భార్యను మళ్లీ రమ్మని అడగడానికి అన్న ఫోన్ చేశాడు. పాస్టరుగారే ఎత్తారు. మంచి మనిషి, చాలా నొచ్చుకుంటూ చెప్పారు. పండుగ దగ్గరపడింది, సంఘంలో పెద్దలు ఆగలేక వరంగల్ బజారు నుంచి ఎర్ర కార్పెట్ తెచ్చేశారు, పరిచేశారు కూడా. మీ తప్పేం లేదు, ప్రార్థన చేస్తాం అన్నారు. అన్న మంచిదయ్యా అని ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా కత్తెర కోసం చూరులో చెయ్యి పెట్టాడు.

సగం నేసిన జంపఖానాను మగ్గం మీదే కోయడం నేను అంతకు ముందు చూడలేదు. మా కార్ఖానాలో ఎన్నడూ కోయలేదు. బిగిసి ఉన్న పడుగు ఒక్కో దెబ్బకు సడలి వెనక్కి పోతుంటే వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు అన్న నర్సంపేట రోడ్డులో ఒక పత్తి మిల్లుకు పోతున్నాడు, బస్తాలు ఎత్తడానికి. ఆయన మగ్గం కర్ర ఎవరో తలుపులకని తీసుకుపోయారు. వదిన తన మగ్గం మీద ఉత్త చారల జంపఖానాలు నేస్తోంది. వాటికి బొమ్మ అక్కర్లేదు. నాయిన పువ్వు, నాయిన నెమలి నా బల్ల సొరుగులో, ఆ డబ్బాలో ఉన్నాయి. తెరవడం చేతకాదని నేను తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

కోసిన ముక్క మాత్రం ఒక ఆదివారం భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "మీ ముందటర్రల ఏసుకోండ్రి. ఇంట్ల కండ్ల ముందట ఉంచబుద్ధయితలేదు" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, వాకిట్లోకి చూస్తూ అన్నాడు. "ముందుగాల ఎవలన్న చెప్పుంటె అడుగుదుము గద, చిన్న సావుకారీ. అడుగుటానికి ఏమైతుండె?"

నెట్‌లో నా ప్రోగ్రాం ఇంకా ఉంది. ఎవరెవరో దించుకుంటూనే ఉన్నారు. ఏ ఊళ్లో ఏ డబ్బాలో పెడుతున్నారో, ఎవరికి ఏం చెబుతున్నారో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. లైసెన్సు మార్చమని మా ఆవిడ అంటుంది. అందులో మార్చవలసింది ఏమీ లేదు. రాయవలసిందంతా రాసే ఉంది.

ద్రాక్షతీగ మా ముందు గదిలో గుమ్మం నుంచి మొదలై టేకు బల్ల కాలి దగ్గర తెగిపోతుంది. తెగినచోట పోగులు ఊడకుండా మా ఆవిడ ముడులు వేసింది. చెప్పడం పుచ్చుకున్నవాడి పని కాబట్టి, వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాను. ఇది ఫలానా గల్లీలో ఫలానాయన నేసింది, చర్చి కోసం మొదలుపెట్టింది, చివర గొర్రెపిల్ల రావాలి అని. వాళ్లు కిందికి చూసి అవునా అంటారు. ఆ తరువాత ఫ్యాను కొంచెం పెంచమంటారు.